పక్క గుండ్రంలో మునిగిన మాట

నేను పనిచేసిన కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకి నా అనుభవం ఒకటి చెప్పమన్నారు. నేను రాయలేను. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతవరకే. అందుకని నేను చెబుతుంటే రాస్తున్నారు. నా గొంతు బొంగురు. చేపల వేలం పాటలో ఏళ్ళ తరబడి అరిచిన గొంతు. మా ఇంజనీరు గారు, "అమ్మా, కాస్త నెమ్మదిగా మాట్లాడండి, పక్క బీమ్‌లో వినిపిస్తోందిట" అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింపు మీకు అర్థం కావాలంటే ముందు మా పని చెప్పాలి.

మాది మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. నా భర్త వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. గాలి మారిందని ఒడ్డున అందరికీ తెలుసు, సముద్రంలో ఉన్నవాళ్ళకి చెప్పే దారే లేదు. కొన్నేళ్ళకి ఒక కంపెనీ వాళ్ళు నరసాపురం వైపు రేవులో ఆఫీసు పెట్టి, బోట్లకి ఉపగ్రహం సెట్లు బిగించడం మొదలుపెట్టారు. ఫోను సిగ్నల్ అందనంత దూరంలో కూడా ఆ సెట్టులో మాట వస్తుంది, పోతుంది. వాయుగుండం పట్టిందంటే గంట మోగుతుంది. ఆఫీసు ఊడ్చి, సెట్ల మీద పేరుకున్న ఉప్పు తుడిచే మనిషి కావాలంటే నేను చేరాను. చేరాక తెలిసింది, వాళ్ళకి కావలసింది ఊడ్చే మనిషి కాదు, బోట్ల వాళ్ళకీ తమకీ మధ్య మాట మోసే మనిషి.

మాట మోసేవాళ్ళని ఏ వైపూ నమ్మదు. మా టెక్నీషియన్ గారైతే నేను గదిలోకి రాగానే స్క్రీన్ తిప్పేసుకునేవారు. "వీళ్ళంతా ఒకటే కులం సార్, ఇక్కడ విన్నది సాయంత్రానికి రేవులో ఉంటుంది" అని నా ఎదుటే అనేవారు. రేవులోకి వెళితే అక్కడ ఇంకో పాట. "వచ్చిందమ్మా కంపెనీ కెమెరా" అనేవారు నన్ను చూసి. దానికి తోడు మా ఆచారం ఒకటి ఉంది. బోటు వేటకి బయలుదేరే వేళ మొగుడు పోయినది ఎదురు రాకూడదు. బోటు ఎక్కడం మాట సరేసరి, మా వైపు ఆడవాళ్ళెవరూ ఎక్కరు. అందుకని బోట్లు వెళ్ళే పూట నేను ఐసు ఫ్యాక్టరీ వెనకనుంచి చుట్టు తిరిగి ఆఫీసుకి వచ్చేదాన్ని.

ఇప్పుడు బీమ్ సంగతి. పైనున్న ఉపగ్రహం ఒక్క పెద్ద దీపంలా వెలుగు వెయ్యదు. చాలా టార్చిలైట్లు పక్కపక్కన పట్టుకున్నట్టు, నేల మీదా నీళ్ళ మీదా గుండ్రాలు గుండ్రాలుగా వేస్తుంది. ఒక్కో గుండ్రం ఒక్కో బీమ్. మా రేవు బోట్లు తిరిగే చోటు ఒక గుండ్రం, కాకినాడ వైపు నీళ్ళు పక్క గుండ్రం. రెండిటి అంచులూ సముద్రంలో ఎక్కడో ఒకదాని మీద ఒకటి పడతాయి. చేపల పాట చూశారుగా? పక్కపక్కన రెండు గుట్టల దగ్గర పాట జరుగుతుంటే, పాడేవాడు తన గుట్ట దగ్గర గొంతులే ఏరుకుని వినాలి. ఎవరికివాళ్ళు తమ గొంతులో తాము అడిగితే ఏరుకోగలడు. ఇటువైపు వాళ్ళు పెద్దగా అరిచారనుకోండి, అటువైపు గుట్ట దగ్గర నోట్లో మాట నోట్లోనే పోతుంది. సెట్లదీ అంతే. గొంతులు విడదీసే కంప్యూటరు ఎక్కడో నగరంలో ఉంటుంది. దాన్ని హబ్ అంటారు. సెట్టుకి పైనుంచి వచ్చే మాట సరిగ్గా వినబడకపోతే, వాన అడ్డం వచ్చిందనుకుని అది తన గొంతు తనే పెంచుకుంటుంది. దానికి అలా నేర్పారు.

ఒక ఏడు వేసవి నిషేధం అయిపోయి వేట మళ్ళీ మొదలైన దగ్గర్నుంచి హబ్ వాళ్ళు ఒకటే ఫోన్లు. "మీ సెట్లన్నీ గొంతు పెంచాయి. పక్క బీమ్‌లో బోట్ల మాట తెగిపోతోంది. మీ దగ్గర వానా?"

ఇక్కడ ఎండ చిటపటలాడుతోంది.

"లేదండీ, ఎండ" అనేవారు ఇంజనీరు గారు.

"అయితే వాన పడినట్టు ఎందుకు అరుస్తున్నాయి?"

ఏ ఒక్క సెట్టో అయితే పట్టుకునేవారు. అన్నీ తలా కాస్తా పెంచాయి. ఇంకో చిత్రం, బోట్లు రేవుకి వచ్చాక పరీక్ష చేస్తే ఒక్క సెట్టులోనూ దోషం లేదు. సముద్రంలోకి వెళ్ళగానే మొదలు. దాంతో అందరి మీదా అందరికీ అనుమానం పట్టుకుంది. టెక్నీషియన్ గారు రొయ్యల చెరువుల వాళ్ళని అనుమానించారు. చెరువు గట్టున ఎవరో దొంగ బూస్టర్ పెట్టారని ఆయన వాదన. నన్ను వెంటేసుకుని మొగల్తూరు వైపు చెరువుల మీద పడ్డారు. అక్కడొక రైతు గారు లుంగీ ఎగ్గట్టి మంచం మీద కూర్చుని మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"బూస్టరా? ఏంటండీ అది, రొయ్యలకి పెట్టేదా?"

"కాదండీ, సిగ్నల్‌ది."

"మా చెరువు దగ్గర ఫోన్ మాట్లాడాలంటే ఆ షెడ్డు ఎక్కాలండి. నాకే ఉంటే నేనిలా ఎందుకుంటానండీ? దొరికితే ఒకటి నాకూ ఇప్పించండి. ఆయ్!"

టెక్నీషియన్ గారు అప్పుడు కూడా నమ్మలేదు. వచ్చేటప్పుడు ఆయన కళ్ళు షెడ్డు కప్పు మీదే ఉన్నాయి.

బోట్ల వాళ్ళ అనుమానం ఇంకోటి. మావాళ్ళకి చేప పడే చోటు అంటే పెట్టెలో బంగారం లాంటిది. ఎక్కడ వల వేశావని అడిగితే ఉత్తరం వెళ్ళినవాడు దక్షిణం అంటాడు. అన్న తమ్ముడికి చెప్పడు. సెట్లు వచ్చాక, ఒకరి చోట్లో ఇంకొకరు ప్రత్యక్షం కావడం ఎక్కువైందని రేవులో గుసగుస. ఆఫీసు వాళ్ళు చోట్లు చూసి పెద్ద బోట్ల వాళ్ళకి చెప్పేస్తున్నారని అనుకునేవారు. నేను ఇంజనీరు గారిని సూటిగా అడిగాను.

"సార్, ఎవరు ఎక్కడున్నారో మీకు కనబడుతుందా?"

"లేదమ్మా. ఆపదలో ఎర్ర బటన్ నొక్కితేనే తెలుస్తుంది. మామూలప్పుడు మేం చూడం."

ఆ మాటే తీసుకెళ్ళి రేవులో చెప్పాను. నమ్మకపోతే గంగమ్మ మీద ఒట్టేశాను.

ఇక అసలు రోజు. పొద్దుటినుంచి తూర్పు గాలి. వాయుగుండం కబురు ముందురోజే అందరికీ వెళ్ళింది, బోట్లు వెనక్కి వస్తున్నాయి. మా మరిది బోటు మాత్రం జాడ లేదు. మరిది అంటే నా భర్త తమ్ముడు. నా భర్త పోయాక ఆ ఇంటికి మిగిలిన మగదిక్కు అతనే. ఆ బోటులో అతనితోపాటు మా పల్లె కుర్రాళ్ళున్నారు. మిగతావాళ్ళకంటే దూరం పోయి, కాకినాడ వైపు గుండ్రంలో పడ్డాడు. అతని సెట్టులోంచి ఒకే మాట వచ్చింది, "ఇంజను..." అని. తర్వాత గరగర.

హబ్ వాళ్ళు ఫోన్ చేశారు. "ఆ బోటు పిలుస్తూనే ఉంది. మీ బోట్ల అరుపుల్లో ఆ మాట మునిగిపోతోంది. మీ సెట్లన్నీ ఆపేస్తే గాని వినబడదు. మేమే ఇక్కణ్ణుంచి ఆపెయ్యమంటారా?"

ఇంజనీరు గారు వద్దన్నారు. ఆపేస్తే మరిది మాట వినబడుతుందేమో గాని, దారిలో ఉన్న మిగతా బోట్లన్నీ ఆ గాలిలో చెవిటివైపోతాయి. "ఆగండి, మేమే కాసేపు ఆపమని అడుగుతాం" అని ఆయన బోట్లన్నిటికీ కబురు పెట్టారు. సెట్టు ఆపి, కాస్త ఆగి మళ్ళీ వెయ్యండి, ఒక్కొక్కరే, అని. కొత్తగా వేస్తే గొంతు మామూలుకి వస్తుందని ఆయన ఆశ.

ఒక్కొక్క బోటు నుంచీ జవాబు వచ్చింది. "ఆపి ఏసేమండి." "ఇటూ ఆపేమండి."

సెట్ల గొంతు ఎంతుందో చూపే గీత ఒకటి స్క్రీన్ మీద ఉంటుంది, అది ఇంత కూడా కదల్లేదు. టెక్నీషియన్ గారు బల్ల గుద్దారు. "చూశారా సార్? ఒక్కడు ఆపలేదు. వీళ్ళు వాళ్ళవాడి ప్రాణం పోతున్నా నిజం చెప్పరు."

"మీరు ఎందుకు ఆపమంటున్నారో వాళ్ళకి తెలియదు కదండీ. ఇదేదో ఎవరెక్కడున్నారో కనిపెట్టే ఎత్తు అనుకుంటారు" అన్నాను.

"నువ్వే నేర్పావేమో" అన్నారాయన.

నేను బయటికి వచ్చాను. రేవు గట్టు మీద ఆడవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. మా తోడికోడలు, అంటే ఆ మరిది భార్య, నన్ను చూడగానే లేచింది.

"ఏమంటన్నారక్కా మీ ఆఫీసోళ్ళు? మా ఆయన సోటు అమ్ముకున్నది సాలక, ఇప్పుడు మనిషినే అమ్మేసేరా?"

"మాట మునిగిపోతోందే. మన బోట్ల సెట్లే అరుస్తున్నాయంట, ఆ అరుపులో నీ మొగుడి మాట వినబడటం లేదంట. సెట్లెందుకు అరుస్తున్నాయో వాళ్ళకి అంతు చిక్కడం లేదు."

"ఎందుకు అరుత్తాయి? మొగుణ్ణి పోగొట్టుకున్న సేత్తో నువ్వు తుడిత్తావుగా, అందుకే అరుత్తాయి."

అందరి ముందూ అంది. దిగమింగాను. సముద్రం మీదున్నది ఆమె మొగుడు. ఆమె నిలబడ్డ చోట ఒకప్పుడు నిలబడి నేను ఎవరెవర్ని ఏమేం అన్నానో నాకు తెలుసు.

అప్పుడు ఒక సరంగు భార్య నా చెయ్యి పట్టుకుంది. సరంగు అంటే బోటు నడిపేవాడు. ఆ పిల్ల ఎప్పుడూ నోరు విప్పదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"పిన్నీ, ఆ సెట్టు మీద ఏదన్నా మూతేత్తే అరుత్తాదా?"

"ఏం మూత?"

"మరేం లేదు. మా ఇంట్లో అన్నం గిన్నె, ఆ పెద్ద సత్తు గిన్నె, సముద్రం మీదే ఉంటంది. మా ఆయన రేవు దాటగానే సెట్టు మీద ఏటవాలుగా బోర్లించి తాడేసి కడతాడు. అలాగైతే పైకి సోటు కనపడదంట. కబుర్లు మాత్రం అంచు కిందనుంచి వత్తాయంట. తిరిగొచ్చేటప్పుడు మొగ దగ్గర తీసేత్తాడు."

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఆ చోటు దాటాక మగవాళ్ళు ఏం చేస్తారో ఒడ్డున చెప్పకూడదు. ఆ పిల్ల చెప్పేసింది. ఇంకో ఆవిడ నెమ్మదిగా అంది, "మాదీ ఎల్లిపోయింది. కొత్త గిన్నె." వెనకనుంచి ఇంకొకామె, "మాది ఇడ్లీ గిన్నె." మరొకామె, "నేను దొంగలెత్తుకెళ్ళారని పక్కింటిదాన్ని తిట్టేను కదే!" అంది. ఆ పక్కింటావిడ అక్కడే ఉంది. అంత భయంలోనూ వాళ్ళిద్దరి మధ్యా చిన్న యుద్ధం జరిగింది.

నేను ఆ పిల్లని లాక్కుని ఆఫీసులోకి పరుగెత్తాను. ఇంజనీరు గారు మొత్తం విన్నారు. తల పట్టుకున్నారు. "గిన్నె కింద సెట్టుకి పైమాట సరిగా వినబడదు. వాన అనుకుని గొంతు పెంచేస్తుంది. ఆ పెంచిన గొంతు గిన్నెకి తగిలి చీలి అటూ ఇటూ పడుతుంది" అన్నారు. తర్వాత మైకు నా ముందు పెట్టారు. "మీరు చెప్పండమ్మా, తీసెయ్యమని."

"నేను చెబితే ఇంకోటి బోర్లిస్తారు సార్. వాళ్ళ ఆడాళ్ళని పిలవండి."

టెక్నీషియన్ గారు తలుపుకి అడ్డం నిలబడ్డారు. "ఆఫీసులోకి ఊరందర్నీ రానిస్తామా?" ఇంజనీరు గారు ఆయన్ని చెయ్యి పట్టి పక్కకి జరిపారు. ఆ మెప్పు ఆయనకి దక్కాలి. వాళ్ళిద్దరి మధ్యా ఆ తర్వాత చాన్నాళ్ళు మాటల్లేవు.

ఆడవాళ్ళు వరసగా వచ్చి మైకు పట్టుకున్నారు. ఆ సెట్లలో అంతకుముందు వాయుగుండం కబుర్లు తప్ప అలాంటి మాటలు ఎప్పుడూ పోయి ఉండవు.

"ఏమయ్యోయ్! నేనే. గిన్నె తియ్యి. తియ్యవయ్యా అంటే! అవతల పిల్లల ప్రాణాలు పోతన్నాయి."

అటునుంచి, "ఏ గిన్నె?"

"ఏ గిన్నె అంటావా? నేనొండుకునే గిన్నె! తెలవదనుకున్నావా?"

ఒకావిడ తిట్టింది, ఒకావిడ ఏడ్చింది, ఆ సరంగు భార్య మాత్రం, "తీసెయ్యి మావా, నీ సోటు ఎవరికీ సెప్పనులే" అంది. నాకు ఆ మాటే గుర్తుంది. స్క్రీన్ మీద గీత కొంచెం దిగింది. ఇంకొంచెం దిగింది. హబ్ నుంచి ఫోన్ మోగింది.

"మీ దగ్గర వాన ఆగిందా?"

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అదే సమయానికి మా మరిది గొంతు గది నిండా పలికింది. ఇంజను పోయింది, లంగరు నిలవడం లేదు, గాలికి కొట్టుకుపోతున్నాం, దగ్గర్లో ఎవరైనా వచ్చి తాడేసి లాగండి. తోడికోడలు నేల మీద కూలబడింది.

"ఎక్కడున్నారు? చోటు చెప్పండి" అన్నారు ఇంజనీరు గారు.

కాస్త ఆగి జవాబు వచ్చింది. "మన మొగకి ఎదరేనండి. ఎక్కువ దూరం లేదు."

ఆ ఆగడం నేను విన్నాను. సెట్టు వింటున్నవాళ్ళు అతనొక్కడి మనుషులే కాదు, రేవంతా వింటోంది. ఇంజను బాగైతే రేపు మళ్ళీ అదే చోటుకి వెళ్ళాలి. నా భర్త అయినా అలాగే చెప్పేవాడు.

"సార్, అది నమ్మకండి. మా ఇంటి మగాళ్ళు ఉన్న చోటు ఉన్నట్టు చెప్పరు" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. ఆయన కళ్ళు స్క్రీన్ మీద ఇంకో మూల ఉన్నాయి. అక్కడ సముద్రం బొమ్మ. దాని మీద చుక్కలు. ఒక చుక్క మిగతావాటికి దూరంగా, కాకినాడ వైపు, ఒంటరిగా ఉంది. మిగతా చుక్కలు మా బోట్లు. గిన్నె బోర్లించినవీ, బోర్లించనివీ, అన్నీ కనబడుతూనే ఉన్నాయి.

ఎర్ర బటన్ ఎవరూ నొక్కలేదు.

"ఎప్పట్నుంచి సార్?" అన్నాను.

"మొదట్నుంచీ అమ్మా. చూస్తున్నామని చెప్పొద్దని పైనుంచి..." ఆయన మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగారు. "ఇప్పుడు నేను ఆ చోటు బయటికి చెబితే, మాకు తెలుసని అందరికీ తెలిసిపోతుంది. సెట్లన్నీ పీకి ఏట్లో పారేస్తారు."

"చెప్పకపోతే వాళ్ళు మొగ ఎదర వెతుకుతారు. వీళ్ళు అటు కొట్టుకుపోతారు."

"అవును."

"మరి దేనికి ఆగారు సార్? నాలాగ ఇంకొకత్తె తయారవ్వాలా?"

తోడికోడలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకి అర్థమైంది. నేల మీదనుంచి లేచి, "సెప్పండి బాబూ" అంది.

ఆయన మైకు తీసుకుని అందరూ వినేలా ఉన్న చోటు ఉన్నట్టు చెప్పేశారు. ఏ బోటు దగ్గరగా ఉందో అది కూడా చెప్పి, ఆ బోటుని అటు తిరగమన్నారు. ఆయనకి ఆ చోటు ఎలా తెలిసిందా అని బోట్లన్నీ లెక్క కడుతున్నాయని నాకు తెలుసు. తర్వాత ఆ సరంగు, అన్నం గిన్నె సరంగు, ఒక్క ముక్క అన్నాడు.

"తిప్పేనండి."

పొద్దు ఇంకా ఉండగానే రెండు బోట్లూ తాడుతో మొగ దాటి వచ్చాయి. అందరూ ఉన్నారు. తోడికోడలు మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది, కొట్టింది. ఆ హడావిడి సద్దుమణిగాక మా మరిది ఉప్పు నీళ్ళు కారుతున్న బట్టలతోనే నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రేవంతా చుట్టూ మూగింది. ఇంజనీరు గారు ఆఫీసు మెట్ల మీద ఉన్నారు.

"వదినా, నేను సెప్పింది మొగ ఎదర కదా. మీవోళ్ళకి అసలు సోటు ఎలా తెలిసింది?"

గాలివాటం చూసి అంచనా కట్టారని చెప్పొచ్చు. టెక్నీషియన్ గారు మెట్ల మీదనుంచి అదే చెప్పమని కళ్ళతో సైగ చేశారు. అలా చెబితే సెట్లు ఉంటాయి, వచ్చే వాయుగుండానికి అందరికీ గంట మోగుతుంది. నిజం చెబితే సాయంత్రానికి సెట్లు ఏట్లో ఉండొచ్చు. నేను రెండూ ఆలోచించాను. కానీ ఒకసారి వాళ్ళ మాట నమ్మి ఒట్టేశాను. రెండోసారి తెలిసీ వెయ్యలేను.

"చూస్తున్నారంట. మొదట్నుంచీ. నాకు ఇవాళే తెలిసింది" అన్నాను.

అందరూ మెట్ల వైపు చూశారు. ఎవరో సెట్టు విప్పడానికి బోటు వైపు కదిలారు. మా మరిది చెయ్యెత్తి ఆపాడు. ఇంజనీరు గారి దగ్గరికి నడిచి వెళ్ళి అడిగాడు.

"బాబూ, నేను సెప్పిన సోటుకే మావోణ్ణి పంపుంటే, ఈపాటికి మేం ఏ గుండ్రంలో ఉండేవోళ్ళమండీ?"

ఇంజనీరు గారు మెట్లు దిగి వచ్చి, "రేపట్నుంచి నేను ఎవరి చోటు చూస్తే వాళ్ళకి చెప్పి చూస్తాను" అన్నారు. మా మరిది ఆయన్ని పైనుంచి కిందకి చూసి, "సెప్పండి, తిడతాం" అన్నాడు. సెట్లు ఉంచారు.

అన్నట్టే చేశారాయన. బోటు రేవుకి రాగానే వెళ్ళి, "ఇవాళ మీ చోటు చూశానండి, గాలి మారిందని" అని చెప్పేవారు. వాళ్ళు అన్నట్టే తిట్టేవారు. నోటికొచ్చింది తిట్టి, చేప ఒకటి ఆయన చేతిలో పెట్టేవారు. ఎదురుగా తిట్టేసినవాణ్ణి మళ్ళీ వెనక అనుమానించాల్సిన పని లేదు గదా. గిన్నెలు ఇళ్ళకి చేరాయి. గీత మళ్ళీ లేవలేదు. నా మోకాళ్ళు నిలబడనిచ్చినంతవరకూ నేను ఆ మాటలే అటూ ఇటూ మోశాను.

ఆయనకి బదిలీ అయ్యాక వచ్చినవాళ్ళూ కొందరు అలాగే చెప్పారు, కొందరు చెప్పలేదు. ఆ చుక్కలు మా రేవు ఆఫీసులోనే గాక ఇంకెక్కడెక్కడ కనబడతాయో, అక్కడ కూర్చుని ఎవరు చూస్తారో, చూసి ఎవరికి చెబుతారో నేను అడగగలిగినవాళ్ళనల్లా అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. మీరు ఆ గదుల్లోకి వెళుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. మీరైనా కనుక్కుని మా రేవుకి వచ్చి చెప్పండి. తిడతాం, ఏమనుకోకండి.